ఉడుత అడిగిన గుట్ట సొత్తు

అనగనగా ఒక గుట్ట. ఆ గుట్టకు ఎదురుగా ఒక కోట. గుట్ట నిండా మోదుగు చెట్లు, రేగు పొదలు, పక్కన చిన్న వాగు. కోటలో ఉల్లాసవర్మ అనే రాజు. ఆయనకు ఆటలంటే ప్రాణం, ఆలోచించడమంటే మాత్రం మహా బద్ధకం.

ఒకనాడు రాజు మేడ ఎక్కి గుట్ట వైపు చూసి మొహం చిట్లించాడు.

"మంత్రీ! ఆ పిచ్చి పొదలు మనకెందుకయ్యా? అన్నీ నరికించు. గుట్ట చదును చేయించు. గుర్రప్పందాలకు మైదానం కావాలి!"

ఆ మాట మేడ మీద గింజలు ఏరుకుంటున్న చిట్టితోక అనే ఉడుత చెవిన పడింది. గుట్ట మీది మోదుగు తొర్రలో దానికి ఇంకా కళ్ళు తెరవని పిల్లలున్నాయి. పాపం, ఏడుద్దామనుకుంది. ఏడిస్తే చెట్టు నిలుస్తుందా? అందుకని తోక పైకెత్తి, గెంతుకుంటూ వెళ్ళి రాజుగారి ముందు నిలబడింది.

"ఏలినవారికి దండాలు! ఎవరినైనా వెళ్ళగొట్టేముందు వాళ్ళ సొత్తు వాళ్ళకు అప్పగించాలని మీ తాతగారు పెట్టిన ఆచారం ఉంది కదా?"

"ఉంది. నేనెన్నడూ తప్పలేదు" అన్నాడు రాజు మీసం దువ్వుకుంటూ.

"అయితే మా గుట్ట సొత్తు ఇప్పించండి మహారాజా."

రాజు పకపకా నవ్వాడు. "వెర్రి ఉడుతా! నా కోటలో గుట్ట సొత్తు ఎక్కడిదే? ఇక్కడున్నవన్నీ అంగడి నుంచి వచ్చినవే. నీది కనబడితే నిక్షేపంగా పట్టుకుపో!"

"మరి అంగడికి ఎక్కడి నుంచి వచ్చాయి?"

రాజు జవాబు వెతుక్కునేలోపే భోజనానికి పిలుపు వచ్చింది. పీట మీద కూర్చున్నాడు. విస్తరిలో వేడి వేడి అన్నం, గుత్తివంకాయ కూర వడ్డించారు. ముద్ద కలపబోతుంటే చిట్టితోక విస్తరి అంచు పట్టుకుంది.

"కుట్టింది మీ మనుషులే. ఆకు మాత్రం మా మోదుగుది. ఇచ్చేయండి."

ఆడిన మాట తప్పలేక రాజు విస్తరి వదిలేశాడు. అన్నం అరచేతిలో పెట్టించుకుని, ఊదుకుంటూ, అటూ ఇటూ ఎగరేసుకుంటూ తిన్నాడు. మంత్రి నవ్వు ఆపుకోలేక ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కూర కారానికి రాజుకు దాహం వేసింది. చల్లని నీళ్ళకుండ తెచ్చారు.

"కుమ్మరి కుండను చేశాడు కానీ మట్టిని చేయలేదు కదా! అది మా వాగు ఒడ్డు బంకమట్టి" అంది ఉడుత.

కుండ కూడా పోయింది. రాజు బావి దగ్గరికి పరుగెత్తి దోసిలి పట్టాడు. నీళ్ళు నోట్లోకి కొన్ని, గడ్డం మీదికి బోలెడు.

ఇక రాజుకు రోషం ముంచుకొచ్చింది. "గుట్ట నరకమని ఆజ్ఞ రాయండి! ఇప్పుడే ముద్ర వేస్తాను!"

తాటాకు మీద ఆజ్ఞ రాశారు. తాటిచెట్లు గుట్టవి కావు, అందుకని ఉడుత నోరు మెదపలేదు. ఆకుకు దారం చుట్టారు. దారం మీద కరిగిన ఎర్రటి లక్క పోసి రాజు ఉంగరం నొక్కితేనే ఆ రాజ్యంలో ఆజ్ఞ చెల్లుతుంది. లక్క కరిగింది. రాజు ఉంగరం ఎత్తాడు.

"ఆగండి! ఆ లక్క ఎక్కడిది?" అంది చిట్టితోక.

మంత్రి మెల్లగా దగ్గాడు. "ప్రభూ, లక్క పురుగులు మోదుగు కొమ్మల రసం తాగి పెట్టే జిగురే ఇది. మన రాజ్యంలో మోదుగులున్నది... ఆ గుట్ట మీదే."

"తనను నరకమనే ఆజ్ఞకు కూడా మా గుట్టే లక్క ఇవ్వాలా మహారాజా?" అంది ఉడుత. "నా పిల్లలింకా కళ్ళు తెరవలేదు. తెరిచేసరికి వాటికి చెట్టుండాలి."

రాజు తడిసిన గడ్డం తడుముకున్నాడు. అరచేతికి అంటిన మెతుకులు చూసుకున్నాడు. సిగ్గుతో మొహం ఎర్రబడింది. ఆ తరువాత ఆయనకే నవ్వొచ్చింది, కడుపుబ్బా నవ్వాడు.

"నా అన్నానికీ, నా నీళ్ళకూ, చివరికి నా మాటకూ ఆ గుట్టే దిక్కా! ఇన్నాళ్ళూ అంగడికి దండం పెట్టానే!"

రాజు చేతిలో తాటాకు రెండు ముక్కలయింది. గుర్రాలు కోట వెనకున్న బీడు భూమిలో హాయిగా పరుగెత్తాయి.

కొన్నాళ్ళకు తొర్రలో పిల్లలు కళ్ళు తెరిచాయి. చెట్టంతా వెడల్పాటి ఆకులతో పచ్చగా ఉంది. చెట్టు కింద కిరీటం చంకలో పెట్టుకుని ఒక పెద్దమనిషి నిలబడ్డాడు.

"చిట్టితోకా! అన్నం వేళయింది, విస్తరికి నాలుగాకులు కోసుకోనా తల్లీ?"

కాబట్టి పిల్లలూ, చేతిలో ఉన్న వస్తువు పుట్టిల్లు ఏదో తెలుసుకోండి. తెలుసుకున్నవారికి ఆ ఇంటి మీద గొడ్డలి ఎత్తడానికి చేయి రాదు.