బండి మీదే

ఒక కంచరగాడిద కిరాయికి బరువులు మోసేది. కొండ కింద సంతలో ఉప్పు ఎత్తుకుని కొండ మీది ఊళ్లకు చేర్చేది. వచ్చేటప్పుడు బెల్లం దిమ్మలు తెచ్చేది. కూలి ఉలవల్లో ముట్టేది. కడుపునిండా తిని, మిగిలినవి పాకలో ఓ కుండలో పోసుకునేది.

తిండికి లోటు లేదు. లోటల్లా మర్యాదకే. గుర్రాల పక్కన నిలబడితే, నీ చెవులు చూసుకో పొమ్మనేవి. గాడిదల దగ్గరికి వెళితే, నీకేం బాబూ, పెద్దింటి సంబంధం అని ఎకసెక్కాలాడేవి. సంతలో దారి ఇచ్చేది బండి ఉన్నవాళ్లకే. బండి కట్టుకుని ముసలి ఎద్దు వచ్చినా సరే, గుర్రాలు కూడా పక్కకు జరిగి తల ఊపేవి. అది చూసినప్పుడల్లా కంచరగాడిద తన వీపు మీది మూట వైపు చూసుకునేది.

సంత చివర పునుగుపిల్లికి బండ్లసాల ఉండేది. పునుగుపిల్లి వస్తోందని కంటికంటే ముందు ముక్కుకు తెలిసేది. ఆ పరిమళం సోకితే ఎంత అలిసిపోయినవాళ్లకైనా ప్రాణం లేచొచ్చేది. అడగాలనుకున్న మాట మాత్రం ఎందుకో గుర్తుండేది కాదు.

ఒకరోజు పునుగుపిల్లి దారిలో ఆగి కంచరగాడిదను పలకరించింది.

"ఎన్నాళ్లండీ మీరిలా వీపు మీద మోయడం?"

కంచరగాడిద వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఎవరూ మీరు అనలేదు.

ఆ సాయంత్రమే బండ్లసాలకు వెళ్లింది. అక్కడ పచ్చరంగు బండి ఒకటి మిలమిలలాడుతూ నిలబడి ఉంది. పునుగుపిల్లి ఒప్పందం వివరంగా చెప్పింది, దాచిపెట్టిందేమీ లేదు. అమావాస్యకు ఒక బస్తా చొప్పున ఉలవలు కట్టాలి. బరువులు ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు, సాలే ఇస్తుంది. అందుకే బయటి బరువులు ఎత్తకూడదు. ఇరుసు విరిగినా చక్రం ఊడినా బాగుచేయించుకోవలసింది యజమానే, సొంత బండిని ఎవరు మాత్రం పరాయివాళ్ల చేతుల్లో పెడతారు? మూడేళ్లు కట్టేస్తే ఇక ఎవరికీ గింజ బాకీ ఉండదు. మధ్యలో ఒక్క అమావాస్య తప్పితే మాత్రం బండి పుట్టింటికి వచ్చేస్తుందని చెప్పి, ముద్దుగా నవ్వింది.

"అంటే బండి మూడేళ్ల తర్వాత నాదవుతుందా అండీ?"

"అదేం మాటండీ. ఈ క్షణం నుంచే బండి మీదే."

కంచరగాడిద ఒప్పందం మీద గిట్ట వేసింది. అక్కడే ఉన్న ఊసరవెల్లి కుంచె తీసుకుని బండి పక్కపలక మీద దాని పేరు రాసి, కింద 'ఓనర్' అని చేర్చింది.

పొరుగు పాకలో ఇసుక మోసే ఆడగాడిద ఉండేది. బండి చూసి మురిసిపోయింది, చుట్టూ తిరిగింది, చక్రాలు మూతితో తడిమింది. చివరికి ఒకటే అడిగింది.

"బండి నీదే కదా బావా, రేపు పొద్దున ఎక్కడికి వెళ్లేదీ నువ్వే చెప్పుకుంటావా?"

"సాలవాళ్లు చెబుతారు."

"అలాగా," అంది ఆడగాడిద. కంచరగాడిద దానికి అసూయ అనుకుంది.

మొదటి రోజుల సంబరం అంతా ఇంతా కాదు. గుర్రాలు పక్కకు జరిగాయి. గాడిదలు ఓనరుగారూ అని పిలిచాయి. కంచరగాడిద ప్రతి మాటకూ ముందు 'మా బండి' అని తగిలించేది. మా బండికి ఎండ పడదనేది. మా బండి వాన వాసన ముందే పసిగడుతుందని కూడా ఒకసారి అంది.

అమావాస్య వచ్చింది. పునుగుపిల్లి నవ్వుతూ లెక్క చెప్పింది. బస్తా సరే. చక్రాలకు వేసే కందెన సాలలోదే కనుక దానికి కొన్ని గింజలు. బండి సాలలో నిలిపిన రోజులకు అద్దె. నిలపకుండా దారిలో ఉంచిన రోజులకు, అంతసేపూ సాల బెంగపెట్టుకున్నందుకు ఇంకొన్ని. నెల కూలిలోంచి అన్నీ తీసేశాక కంచరగాడిదకు దోసెడు ఉలవలు మిగిలాయి. మొదటి నెల కదండీ, అలాగే ఉంటుంది అని సముదాయించింది పునుగుపిల్లి. గాలి ఎంత కమ్మగా ఉందంటే, కంచరగాడిద థాంక్సండీ అని చెప్పి మరీ బయటికి వచ్చింది.

రెండో నెలా అలాగే ఉంది. ఆ తర్వాతవీ అంతే. పాకలో కుండ ఖాళీ అయింది. కంచరగాడిద దారి పక్క ఎండుగడ్డి తింటూ, బండిని మాత్రం రోజూ తోకతో తుడిచేది. డొక్కలు బయటపడ్డాయి. దగ్గు పట్టుకుంటే దగ్గుతూనే లాగింది. వెనకటి కూలికాలంలో ఒళ్లు బాగోకపోతే పడుకునేది. ఇప్పుడు పడుకోవడానికి లేదు, యజమాని కదా.

మూడో ఏడు వానల్లో, కొండ మలుపు దగ్గర ఇరుసు ఫట్‌మంది. వడ్రంగిపిట్టను పిలిపించారు. అది వచ్చి, ముక్కుతో పలకను టకటకా కొట్టి చూసింది. పచ్చరంగు పెచ్చు ఊడింది. దాని కింద పసుపు. పసుపు కింద నీలం. పసుపు మీద ఒక ఒంటె పేరు, నీలం మీద ఒక ముసలి గుర్రం పేరు. రెండింటి కిందా 'ఓనర్' అని ఉంది.

"వీళ్లెవరు పిట్టమ్మా?" అడిగింది కంచరగాడిద.

"నీకు ముందటివాళ్లు నాయనా. ఇద్దరికీ ఇరుసులు నేనే వేశాను. ఇద్దరూ ఆఖరి ఏడు దాకా వచ్చినవాళ్లే."

"ఆఖరి ఏట్లో ఏమైంది?"

వడ్రంగిపిట్ట తల ఒక పక్కకు వంచి చూసింది. ఆ పైన ఇరుసు పనిలో పడింది.

కంచరగాడిద చాలాసేపు ఆలోచించింది. ఒంటెకు కొండదారి అలవాటుండదు, ముసలి గుర్రానికి ఓపిక ఉండదు. నేను అలా కాదు కదా అనుకుంది. ఊడిన పెచ్చును ఉమ్ముతో తడిపి మళ్లీ పలకకు అతికించింది. ఇరుసు కూలికి ఆడగాడిద దగ్గర ఉలవలు అప్పు తీసుకుంది. ఆడగాడిద ఏమీ అడగకుండా ఇచ్చింది. అడిగి ఉంటే బాగుండేదని కంచరగాడిదకు అనిపించింది.

ఇక మూడే బస్తాలు మిగిలాయి అనగా బరువులు ఆగిపోయాయి. పొద్దున్నే సాలకు వెళితే, సంత మందంగా ఉందండీ, రేపు చూద్దాం అనేది పునుగుపిల్లి. మర్నాడూ అదే మాట. ఈలోగా కొత్తగా రంగు వేసిన బండ్లు ఉప్పు బస్తాలతో దాని కళ్లముందే బయల్దేరి వెళ్లేవి. ఉన్న కాసిని గింజలూ, ఆడగాడిద ఇంకోసారి ఇచ్చినవీ కలిపి రెండు అమావాస్యలు గట్టెక్కించింది.

మూడోది మిగిలింది. కొండ మీద కోతులకు ఆ ఏడు చింతపండు విరగకాసింది. సంతకు చేర్చిపెడితే ఒక్క నెలలో బస్తాన్నర ఉలవలు ఇస్తామని కబురు పెట్టాయి. కంచరగాడిద ఎగిరి గంతేసినంత పనిచేసి, సాలకు పరుగెత్తింది. పునుగుపిల్లి విచారంగా తల ఊపింది. బయటి బరువు కదండీ, ఒప్పందం ఒప్పుకోదు అంది. మరి మీరైనా బరువు ఇవ్వండి అని కంచరగాడిద బతిమాలింది. సంత మందంగా ఉందండీ అంది పునుగుపిల్లి.

అమావాస్య వచ్చి వెళ్లిపోయింది. తెల్లవారగానే కంచరగాడిద ఖాళీ బండి కట్టుకుని కొండెక్కసాగింది. కోతుల చింతపండు తెచ్చి, కాస్త ఆలస్యమైనా బస్తా కట్టేయాలని దాని ఆశ. సగం కొండ ఎక్కేసరికి వెనక నుంచి పరిమళం తగిలింది. పునుగుపిల్లి రొప్పుతూ వచ్చి దారికి అడ్డం నిలబడింది.

"ఎక్కడికి పోతున్నావు? బండి వెనక్కి తిప్పు."

పోతున్నావు అన్న మాట కంచరగాడిద చెవిలో గుచ్చుకుంది. దగ్గు తెర ఆగేదాకా నిలబడి, నెమ్మదిగా అడిగింది.

"బండి నాదే అన్నారు కదండీ."

"నిన్నటిదాకా నీదే."

"ఇవాళ ఎవరిదండీ?"

"నాది. తిప్పు మరి, సాలకు లాక్కెళ్లాలి."

కంచరగాడిద బండి వైపు చూసింది. మూడేళ్లు తుడిచిన పలకలు, అప్పు చేసి వేయించిన ఇరుసు. కళ్లు నీళ్లతో నిండాయి. అయినా మెడ వంచి, నొగల మధ్య నుంచి మెల్లగా బయటికి జరిగింది. బండి జారకుండా చక్రం కింద ఒక రాయి నెట్టింది.

"మీ బండి కదండీ," అంది, "మీరు లాక్కెళ్లండి."

పునుగుపిల్లి బెదిరించింది, బుజ్జగించింది, మళ్లీ మీరు అంది. కంచరగాడిద అప్పటికే పైకి నడుస్తోంది. కాసేపటికి తిరిగి చూస్తే, పునుగుపిల్లి నొగకు భుజం ఆనించి, పళ్లు బిగబట్టి గుంజుతోంది. బండి అంగుళం కదల్లేదు. కొండగాలికి మొదటిసారి దాని దగ్గర చెమట కంపు వచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే కంచరగాడిద ఫక్కున నవ్వింది.

కోతుల చింతపండు బుట్టలు వీపు మీదే కిందికి చేర్చింది. అలా నాలుగు కాలాలు మోసి, ఆడగాడిద అప్పు తీర్చింది. దగ్గు తగ్గింది. సంతలో ఎవరూ పక్కకు జరగడం లేదు. మొదట్లో అది ముల్లులా గుచ్చుకునేది, తర్వాత తర్వాత మర్చిపోయింది.

ఒకనాడు ఉప్పు మూట వేసుకుని కొండెక్కుతుంటే మలుపులో ఎర్రరంగు బండి ఆగి ఉంది. నిండా ఉప్పు బస్తాలు. ముందు ఓ దున్నపోతు నురగలు కక్కుతూ అలుపు తీర్చుకుంటోంది. ఇరుసు చూడగానే కంచరగాడిద గుర్తుపట్టింది. మూట దింపి, దున్నపోతు పక్కన కూర్చుని జరిగిందంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. కందెన సంగతి, ఒంటె పేరు, సంత మందం, ఏదీ వదల్లేదు.

దున్నపోతు శ్రద్ధగా వింది. మధ్యలో అయ్యో అంది. అంతా అయ్యాక బాగా ఆలోచించింది.

"నువ్వు కట్టింది అమావాస్యలకు కదన్నా?"

"అవును."

"అక్కడే మోసపోయావు. నాకు పున్నములకు పెట్టారు."

దున్నపోతు జాలిపడింది. ఆ మూట మా బండిలో వేసెయ్, పైదాకా చేరుస్తాను అంది. కంచరగాడిద మూట బండిలో వేసి వెనకే నడిచింది. దారి నిట్టనిలువుగా ఉంది. చక్రాలు రాళ్ల మీద మూలిగాయి. దున్నపోతు కాళ్లు వణకడం వెనక నుంచి కనిపించింది. కంచరగాడిద ఇంకేం ఆలోచించకుండా తల వంచి, నుదురు బండి వెనక పలకకు ఆనించి, ఉన్న బలమంతా పెట్టి తోసింది. బండి కదిలింది.

ముందు నుంచి దున్నపోతు గొంతు హుషారుగా వినిపించింది.

"చూశావా అన్నా, సొంత బండి కదా, బరువే తెలియడం లేదు."