ఓండ్రయ్య మాస్టారి నూరు శాతం ఉద్యోగాలు

అడవి అయిపోయి పొలాలు మొదలయ్యే చోట, గొర్రెల దొడ్డి పక్కన, కోళ్లకు ఒక కళాశాల ఉండేది. దానికి ప్రిన్సిపాలు ఓండ్రయ్య మాస్టారనే గాడిద. కోళ్లకు గాడిద పాఠం చెప్పడమేమిటని అడగకండి, ఆ కొలువుకు అర్జీ పెట్టుకున్నది ఆయనొక్కడే. గద్ద నీడను పోల్చుకోవడం, ఆపద చూస్తే అరవడం, కోడిజాతి చరిత్ర, ఇవీ అక్కడి పాఠాలు. మృగరాజు ఏటా పంపే ఉలవలతో బడి నడిచేది, మాస్టారి కడుపూ నడిచేది.

ఆ ఏడు ఉలవలు రాలేదు. బదులుగా తాఖీదు వచ్చింది. "చదువు అడవి అవసరాలకు పనికిరావాలి. మీ విద్యార్థులకు ఉద్యోగాలొస్తేనే ఉలవలు. లేదంటే బడి మూసేయండి."

మాస్టారు తాఖీదు రెండుసార్లు చదివాడు. బడి మూస్తే మళ్లీ చాకిరేవుకు బట్టల మూటలు మోయాలి. ప్రిన్సిపాలుగారి వీపు అందుకు ఒప్పుకుంటుందా?

"అరిచేవాళ్లకు ఉద్యోగం ఎవరిస్తారమ్మా?" అని పెట్టల్లో పెద్దదైన రాగులమ్మ దగ్గర వాపోయాడు.

"అరవడం ఉద్యోగం కోసం కాదు కదా మాస్టారూ, బతకడం కోసం."

"ఆ ముక్క తాఖీదులో లేదు," అన్నాడాయన.

మూడోనాడు పొద్దున్నే నక్క వచ్చింది. ఊరక రారు మహాత్ములు. వస్తూనే మాస్టారి కాళ్లు పట్టుకుంది. అవసరమొస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడన్న మాట గుర్తొచ్చి మాస్టారు ఉబ్బిపోయాడు. వసుదేవుడు పట్టుకున్నది అరవొద్దని బతిమాలడానికేనన్న సంగతి మాత్రం ఆ గాడిద బుర్రకు తట్టలేదు.

"మా పొదల్లో పన్నెండు ఖాళీలున్నాయండీ," అంది నక్క. "మీ పన్నెండు మందినీ తీసుకుంటాను. కాకపోతే మీ పిల్లలకు నైపుణ్యాలు తక్కువ. ముట్టుకుంటే చాలు, గొంతు చించుకుంటారు."

"ఏం నేర్పమంటారు?"

"మెడ పట్టుకున్నా కిక్కురుమనకూడదు. రెక్కలు కొట్టుకోకూడదు. ఇంటి మీద బెంగ ఉండకూడదు. కాస్త ఒళ్లు చేస్తే మరీ మంచిది."

"ఒళ్లెందుకండీ?"

"బరువైన బాధ్యతలు మాస్టారూ."

ఇంత విడమరిచి చెప్పే యజమాని మాస్టారికి ఇంతకుముందెప్పుడూ తగల్లేదు. ఆ పూటే సిలబస్ మారిపోయింది. గద్ద నీడ పోయింది, అరుపులు పోయాయి, చరిత్ర పోతే ఎవరూ గమనించనే లేదు. వాటి చోట మౌనం మొదటి భాగం, మౌనం రెండో భాగం వచ్చాయి. మాస్టారే ఒక్కొక్కరి మెడ పళ్లతో పట్టుకుని ప్రాక్టికల్స్ చేయించాడు. కిక్కురుమన్నవాళ్లకు మార్కులు కోసేశాడు.

"ఇంతకీ అక్కడ పనేమిటి మాస్టారూ?" అంది రాగులమ్మ.

"చేరాక చెబుతారు," అన్నాడు మాస్టారు. ఆయనకూ తెలియదు మరి.

నెల తిరిగింది. ఎంపిక రోజు మిట్టమధ్యాహ్నం నక్క ముఖం కడుక్కుని వచ్చింది. పన్నెండు పెట్టలూ వరసలో నిలబడ్డాయి. మొదటి ర్యాంకు నాగమల్లిది. నక్క దాని మెడ నోట కరుచుకుంది. నాగమల్లి కళ్లు మూసుకుంది. రెక్క కదపలేదు, చప్పుడు చేయలేదు. నక్క దాన్ని అలాగే పట్టుకుని పొదలవైపు నడవసాగింది. మిగతా పదకొండూ తమ వంతు కోసం నోరెత్తకుండా నిలబడ్డాయి.

మాస్టారి కళ్లు చెమర్చాయి. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఆయన చెప్పిన పాఠాన్ని చెప్పినట్టు అప్పజెప్పిన విద్యార్థి ఒక్కరూ లేరు. ఇవాళ పన్నెండు మంది. ఆనందం పట్టలేక మోర పైకెత్తి, పళ్లన్నీ బయటపెట్టి, గొర్రెల దొడ్డి అదిరిపోయేలా ఓండ్ర పెట్టాడు.

దొడ్డి వెనక నీడన కునుకు తీస్తున్న కాపలా కుక్కలు నాలుగూ లేచి ఉరికొచ్చాయి. నక్క నాగమల్లిని వదిలేసి, తోకలో సగం కుక్కల నోట విడిచిపెట్టి, బతుకుజీవుడా అని గుట్ట దాటింది.

నాగమల్లి పడినచోటే కళ్లు మూసుకుని పడి ఉంది. మాస్టారు దగ్గరికి వెళ్తే మెల్లగా అడిగింది, "పరీక్ష అయిపోయిందాండీ? ఇక లేవచ్చా?"

దాని మెడ మీద నాలుగు గాట్లు, నెత్తురు. అప్పటికి గానీ మాస్టారికి ఆ ఉద్యోగమేమిటో తెలియలేదు. అక్కడే కూలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆ మెడను తనే సిద్ధం చేశాడు. సిగ్గుతో ఆయన తల పైకి లేవలేదు.

సాయంత్రం తాఖీదుకు జవాబు రాయడానికి కూర్చున్నాడు. 'ఉద్యోగాలు వచ్చినవారు: ఎవరూ లేరు.' ఉలవలకు నీళ్లు వదులుకున్నట్టే, రేపటి నుంచి మూటలు తప్పవు.

పక్కన కూర్చున్న రాగులమ్మ ఓదార్చింది. "పోనీండి మాస్టారూ. మీరు సమయానికి కనిపెట్టి అరవబట్టి పిల్లలు దక్కారు. ఆ మాట కూడా రాయండి."

మాస్టారు కలం కింద పెట్టాడు.

"కనిపెట్టలేదమ్మా," అన్నాడు చివరికి. "సంతోషించాను."

ఇందులోని నీతి గాడిదకైనా అర్థమవుతుంది, కాస్త ఆలస్యంగా: పనిచ్చేవాడు ఏం నేర్పమంటున్నాడో రాసుకునే ముందు, వాడు ఏం తిని బతుకుతాడో కనుక్కోవాలి.