అన్నయ్య వంతు

"తీర్చుకోలేని మేలు పొందినవాడు ఎలా బతకాలి మాస్టారూ?" అని జోగారావు అడిగిన ఉదయం అనంతంగారి ముందు మేం నలుగురైదుగురమే ఉన్నాం. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన ఆయన ఆదివారాలు మాకు గీత చెప్పేవారు. శ్లోకానికి అర్థం చెప్పడంలో ఎంత ఓపికో, ఇలాంటి ప్రశ్నలకు జవాబివ్వడంలో అంత పిసినారితనం. ఎదురు ప్రశ్న ఒకటి వేసి ఊరుకోవడం ఆయన అలవాటు. ఆ రోజూ అంతే చేశారు. "మేలు చేసిన మనిషిని ఈ మధ్య చూశావా?" అన్నారు.

జోగారావు సంగతి మాకందరికీ తెలుసు. గాజువాకలో ఫ్యాన్లూ మోటార్లూ అమ్మే దుకాణం ఆయనది. నాలుగేళ్ళ కిందట కిడ్నీలు రెండూ పాడయ్యాయి. డయాలసిస్‌తో రోజులు నెట్టుకొస్తున్నప్పుడు, తమ్ముడు వరహాలు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పరీక్షలన్నీ చేయించుకొచ్చాడు. "నాది నీకు సరిపోతుందంట అన్నయ్యా, ఎప్పుడెళ్దాం?" అని అడిగాడట, ఏదో బజారుకు వెళ్దామన్నట్టు. ఆపరేషను బాగా జరిగింది. ఇద్దరూ కులాసాగా ఉన్నారు.

చెడింది ఆ తర్వాతే. తమ్ముడి ఎదుట జోగారావు కుర్చీలో వెనక్కి చేరబడి కూర్చోవడం మానేశాడు. అతను గుమ్మంలోకి వస్తే చాలు, లేచి నిలబడేవాడు. అతను ఏమంటే దానికి సరే అనేవాడు. టీవీలో ఏం పెట్టాలన్నా ముందు అతని ముఖం చూసేవాడు. కొత్త స్కూటరు కొని పంపిస్తే వరహాలు తాళంచెవి వెనక్కి పంపించేశాడు. పోనుపోనూ అతని రాకపోకలు తగ్గాయి. వదినగారు ఫోన్ చేసి రమ్మన్నా పనుందనే అంటున్నాడట.

ఆ సాయంత్రమే వరహాలు కూతురి పుట్టినరోజు. పిల్లలు ఆడుకునే పెద్ద కేంద్రమొకటి బీచ్ రోడ్డు వైపు కొత్తగా తెరిస్తే అక్కడ చేస్తున్నారు. వెళ్ళడానికి మనసొప్పడం లేదని జోగారావు చెప్పాడు. వెళ్తే తమ్ముడి ముఖం ముడుచుకుంటుంది, వెళ్ళకపోతే కృతఘ్నుడినవుతాను అన్నాడు. అనంతంగారు పుస్తకం మూసి, తనకు కూడా అలాంటి చోటు చూడాలని ఉందన్నారు. కారు నాది కనుక నేనూ బయలుదేరాను.

లోపల మోత చెప్పనలవి కాదు. పిల్లలంతా ఎక్కి గెంతడానికి కట్టిన వలల మీద ఉన్నారు. ఆడవాళ్ళు కేకు పెట్టిన బల్ల చుట్టూ చేరారు. మాస్టారుగారిని చూసి వరహాలు సంతోషించాడు, కాళ్ళకు నమస్కారం చేశాడు, అన్నగారిని చూసి మాత్రం "రా అన్నయ్యా" అని అంతటితో ఆగిపోయాడు. ఏం మాట్లాడాలో తెలియక కాబోలు, పక్కనే మినీ గోల్ఫ్ ఉంది, కేకు కోసేలోగా ఆడదామన్నాడు. మా నలుగురికీ తలో కర్ర, తలో రంగు బంతీ ఇచ్చారు.

పచ్చటి గడ్డిలాంటి తివాచీ పరిచిన సన్నటి దారులవి. దారికొక అడ్డంకి. ఒకచోట చెక్క వంతెన, ఒకచోట ఏనుగు బొమ్మ కాళ్ళ సందు, ఇంకోచోట తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే బుల్లి లైట్‌హౌసు. వాటిని దాటించి బంతిని చివరనున్న గుంటలో పడెయ్యాలి. తక్కువ దెబ్బల్లో వేసినవాడిది గెలుపు. మాస్టారుగారు పంచె ఎగ్గట్టి కొట్టిన మొదటి దెబ్బకే బంతి పక్క దారిలోకి పోయి, అక్కడ ఆడుతున్న ఒకావిడ చెప్పుకు తగిలింది. ఆవిడకు క్షమాపణ చెప్పుకుని, ఆయన ఎంతో ఉత్సాహంగా మళ్ళీ మొదలుపెట్టారు.

అన్నదమ్ముల ఆట అలా లేదు. వరహాలు కొట్టిన ప్రతి దెబ్బకూ జోగారావు "భలే" అనేవాడు. తన వంతు వస్తే బంతిని గుంట అంచుదాకా చక్కగా తెచ్చి, ఆ కాస్త దూరంలో పక్కకు తోసేవాడు. మొదట నేను చేతకాకేమో అనుకున్నాను. వంతెన దగ్గర రెండోసారి, ఏనుగు దగ్గర మూడోసారి అదే జరిగాక నాకూ అర్థమైంది. వరహాలుకి నాకంటే ముందే అర్థమైనట్టుంది. అతని ఆట నెమ్మదించింది. తర్వాత కర్రను గోడకు ఆనించేశాడు.

"ఏటన్నయ్యా ఇది?" అన్నాడు, గొంతు పెంచకుండానే. "చిన్నప్పుడు గోళీలాటలో తొండి చేసైనా నన్ను గెలవనిచ్చేవాడివి కాదు. నేను ఏడ్చుకుంటూ ఇంటికెళ్తే వెనకాల నవ్వుకుంటూ వచ్చేవాడివి. ఆసుపత్రిలో నేనిచ్చింది కిడ్నీ ఒక్కటే. మా అన్నయ్యని కూడా పట్టుకుపోయారేటి వాళ్ళు?"

వరహాలు వెళ్ళి కాస్త దూరంలో ఉన్న బెంచీ మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. కేకు దగ్గరున్న వరహాలు భార్య ఇటు చూసి, ఏమైందని కళ్ళతోనే నన్ను అడిగింది. ఇక ఈ అన్నదమ్ములు కలిసి కూర్చోవడం కల్లే అనిపించింది నాకు. కారు తాళాల కోసం జేబు తడుముకున్నాను కూడా.

అనంతంగారు మాత్రం వంగి, గుంట పక్కన పడివున్న జోగారావు బంతిని తీశారు. దాన్ని తీసుకెళ్ళి దారి మొదట్లో గీత మీద పెట్టారు. "నీ వంతు జోగారావూ" అన్నారు.

జోగారావు చాలాసేపు ఆ బంతి ముందు నిలబడ్డాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. వంగి, ఒక కన్ను మూసి, ఏనుగు కాళ్ళ సందులోంచి గుంటకు చూపు సారించాడు. అప్పుడాయన ముఖంలో నేనెన్నడూ చూడని గడుసుదనం కనిపించింది. దెబ్బ కొట్టాడు. బంతి ఏనుగు కాళ్ళ మధ్యగా దూసుకుపోయి, వెనక గోడకు తగిలి, మెల్లగా వెనక్కి దొర్లి గుంటలో పడింది. ఆ చప్పుడుకు వరహాలు ఇటు తిరిగాడు.

"కాలు గీత దాటింది" అన్నాడు బెంచీ మీద నుంచే.

"దాటలేదు."

"దాటింది. నేను చూశాను."

"వీపు పెట్టి కూర్చున్నవాడివి ఏం చూశావురా వెధవా? వచ్చి ఆడు" అన్నాడు జోగారావు.

అనేశాక ఆయనే ఉలిక్కిపడ్డాడు. మూడేళ్ళుగా తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనని నోరది. వరహాలు లేచి వచ్చాడు. కళ్ళు తుడుచుకోవడం మాకు కనపడకూడదని కర్ర కోసం గోడ వైపు తిరిగాడు.

ఆ తర్వాత వాళ్ళు మా ఇద్దర్నీ పూర్తిగా మరిచిపోయారు. కర్ర బంతికి రెండుసార్లు తగిలిందని ఒకరు, లేదని ఒకరు. లైట్‌హౌసు తలుపు మూసుకున్నాక కొట్టావని ఇంకో తగాదా. తగువు తీర్చమని మాస్టారుగారి దగ్గరికి వస్తే, ఆయన తన బంతి కనిపించడం లేదని వాళ్ళనే వెతకమన్నారు. చివరికి జోగారావే గెలిచాడు. ఆఖరి గుంటలో బంతి పడగానే కర్ర పైకెత్తి, యాభై దాటిన మనిషి, ఒక్క గెంతు గెంతాడు. ఓడిన వరహాలు ఎంత సంబరపడ్డాడంటే, పిల్లలంతా గెంతే వలలు దిగి ఏమైందోనని చూడ్డానికి వచ్చారు.

జోగారావుకి చెమట పట్టి, ఆయాసం వచ్చింది. వరహాలు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. డయాలసిస్ రోజుల్లో ఆ మనిషికి నీళ్ళు గ్లాసుతో కొలిచి పోసేవారు. నోరెండిపోయి రాత్రుళ్ళు తడిగుడ్డ పెదాలకు అద్దుకునేవాడు. ఆరోగ్యం చిక్కాక కూడా, తమ్ముడు చూస్తూండగా మంచినీళ్ళు తాగాలంటే ఆయనకు గొంతు పట్టేసేదట. ఇప్పుడు సీసా ఎత్తి గటగటా తాగాడు. గడ్డం మీదా చొక్కా మీదా నీళ్ళు కారుతున్నా దించలేదు. "నాక్కొంచెం ఉంచు" అంటూ వరహాలు పక్కన నిలబడ్డాడు. సీసా ఖాళీ చేసి, దాన్ని తమ్ముడి చేతిలో పెట్టి, "ఇంకోటి తే" అన్నాడు జోగారావు. అతను నవ్వుకుంటూ తేవడానికి వెళ్ళాడు. వెళ్తున్న తమ్ముణ్ణి అన్నగారు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఎప్పుడూ ఆ చూపులో ఉండే బెదురు అప్పుడు లేదు. ఒక తమ్ముడున్నందుకు మురిసిపోయే అన్నే ఉన్నాడు.

కేకు తిని, పాపను దీవించి బయటికొచ్చేసరికి చీకటి పడుతోంది. వరహాలు కారు దాకా వచ్చి, వచ్చే ఆదివారం ఇంటికొస్తానని, వదినను చేపల పులుసు చెయ్యమనమని అన్నగారికి చెప్పి వెళ్ళాడు. కారు కదిలాక జోగారావు వెనక సీట్లో చేరబడి కూర్చుని, తన ప్రశ్నకు మాస్టారుగారు జవాబు చెప్పనే లేదని గుర్తుచేశాడు.

అనంతంగారు కిటికీ అద్దం దించి, సముద్రపు గాలి ముఖానికి తగలనిచ్చారు.

"అతను ఇచ్చి మూడేళ్ళయింది" అన్నారు. "నువ్వు పుచ్చుకున్నది ఇవాళ."