ధూమకర్ణుడి కొత్త ఆటలు

పిల్లలూ, ఈ కథ మీరింతవరకూ వినలేదు. మీరు పెరుగుతున్న ఊళ్లో దీన్ని చెప్పేవాళ్లెవరూ లేరు. అందుకని నేనే చెబుతాను. చిన్నదాన్ని ముందు కూర్చోబెట్టండి. ఇందులో ఒక మాంత్రికుడు వస్తాడు, కానీ చివరికి అందరూ క్షేమమే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

అనగనగా మణికూటమనే రాజ్యాన్ని రత్నకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భద్రసేనుడు, నడిపివాడు చంద్రసేనుడు, చిన్నవాడు మణిసేనుడు.

ఆ రాజ్యంలో అందరికీ ప్రాణమైన ఆట ఒకటుండేది. దాని పేరు కథలాట. నలుగురు చాప మీద కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. "నువ్వు గుహ ముందు నిలబడ్డావు. లోపల పులి గుర్రుమంటోంది. ఏం చేస్తావు?" అంటారు. వేషం కట్టినవాడు, "పులికి పాట పాడతాను" అనొచ్చు, "పారిపోతాను" అనొచ్చు. ఏమన్నా సరే, చెప్పి ఐదు గవ్వలు వెయ్యాలి. వెల్లకిలా పడ్డవి ఎక్కువైతే అనుకున్నది జరుగుతుంది. బోర్లా పడ్డవి ఎక్కువైతే జరగదు. ఎంత గొప్ప ఆటో చూడండి! ఐదు గవ్వలుంటే చాలు, కుమ్మరి చక్రవర్తి అయ్యేవాడు, రాజుగారు దొంగయ్యేవారు. తాతా మనవడూ కలిసి రాక్షసుల మీదికి వెళ్లేవారు.

ఇలా ఉండగా, ఏడు సముద్రాల అవతలి దీవి నుంచి ధూమకర్ణుడనే మాంత్రికుడు పొగ మబ్బులో ఒక కబురు పంపాడు. "మీ ఆట పాతబడింది. ఇదిగో కొత్త ఆట!"

న్యాయంగా చెప్పాలి, ఆ కొత్త ఆట బాగుంది. అందులో ఎగిరే ఏనుగులున్నాయి, మాట్లాడే కత్తులున్నాయి. జనం సంబరపడ్డారు. మరుసటి ఉగాదికి ఇంకో కబురు. "నిరుటి ఆట చెల్లదు. ఇదిగో ఇంకా కొత్తది!" ఆ పై ఉగాదికి మళ్లీ కబురు. "అదీ చెల్లదు. ఇదిగో అన్నిటికన్నా కొత్తది!"

అప్పటికి ఏమైందంటే, అమ్మమ్మకు వచ్చిన ఆట అమ్మకు రాదు, అమ్మకు వచ్చింది పిల్లలకు రాదు. ఒక ఇంట్లో మూడు చాపలు పరుచుకున్నారు. కొన్నాళ్లకు ఆ మూడూ చుట్టి అటక మీద పెట్టేశారు.

"నేను వెళ్లి ఆ మాంత్రికుణ్ణి గెలిచి, ఇది ఆపిస్తాను" అని పెద్దవాడు బయలుదేరాడు. అతనికి పాత ఆట పొల్లుపోకుండా వచ్చు. ఏడు సముద్రాలు దాటి ధూమకర్ణుడి చాప ఎక్కాడు. అది మంత్రం వేసిన చాప. దాని మీద ఓడినవాడు చెక్కబొమ్మ అయిపోతాడు. పెద్దవాడు గవ్వలు వేసి "గెలిచాను" అన్నాడు. "అది పాత లెక్క నాయనా!" అని నవ్వాడు మాంత్రికుడు. పెద్దవాడు చెక్కబొమ్మ అయిపోయాడు.

తరవాత నడిపివాడు బయలుదేరాడు. అతనికి అన్నిటికన్నా కొత్త ఆట కంఠస్థం. ఏడు సముద్రాలు దాటి చాప ఎక్కాడు. గవ్వలు వేసి "గెలిచాను" అన్నాడు. "అది పొద్దుటి లెక్క నాయనా! ఇప్పుడే మార్చాను" అన్నాడు మాంత్రికుడు. నడిపివాడూ చెక్కబొమ్మ అయిపోయాడు.

ఇక మిగిలింది చిన్నవాడు. రాజు అతని చెయ్యి పట్టుకుని, "నువ్వూ వెళ్తే నాకెవరున్నారురా?" అన్నాడు.

"వెళ్లకపోతే అన్నయ్యలు జన్మంతా బొమ్మలుగానే ఉండిపోతారు నాన్నగారూ" అన్నాడు మణిసేనుడు.

సముద్రపుటొడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్లాడిస్తోంది. మణిసేనుడు దాన్ని తిరగేశాడు.

"బతికించావు మనవడా, ఎక్కు వీపు మీదికి" అంది తాబేలు. "మీ అన్నలు కూడా ఇటే వెళ్లారు. నన్ను చూసి రాయనుకున్నారు."

అలలు దాటుతూ తాబేలు అడిగింది. "మీ ఊళ్లో ఆట ఎలా మొదలెడతారు?"

"చాప మీద అందరికన్నా చిన్నవాళ్లు ఆట పద్ధతంతా ఒక్క ఊపిరిలో చెప్పాలి తాతా. ఆ ఊపిరిలో ఇమడని పద్ధతి ఆ రోజు ఆటలో ఉండదు."

"బాగుందే! ఆ మాట మరిచిపోకు" అంది తాబేలు.

దీవిలో సుగంధి అనే రాజకుమారి ఎదురైంది. ఆమె ఊరివాళ్లందరూ చెక్కబొమ్మలైపోయారు. మాంత్రికుడి ఆటలకు కథ నడపడానికి ఆమె ఒక్కతే మిగిలింది.

"మళ్లీ ఒకరొచ్చారా? నీకు ఏ ఆట వచ్చు, పాతదా కొత్తదా?" అందామె విసుగ్గా.

"నాకు ఆడటమంటే ఇష్టం, అంతే" అన్నాడు మణిసేనుడు.

సుగంధికి నవ్వొచ్చింది. పంజరంలో ఉన్న పిట్టని చూపించి మెల్లగా చెప్పింది. "అతని ప్రాణం ఈ చిలకలో ఉంది. మెడ విరిచేస్తే చస్తాడు. కానీ ఆటలో ఓడకుండా చస్తే బొమ్మలు ఎప్పటికీ మనుషులు కావు."

"ఈ చిలక మరీ పసిపిల్లలా ఉందే?" అన్నాడు మణిసేనుడు.

"ఆటలన్నీ ఇదే గుర్తుపెట్టుకోవాలి. ఏడాదికల్లా చిలక బుర్ర నిండిపోతుంది. అప్పుడు గుడ్డు పగిలి వచ్చిన ఇంకో చిలక పిల్లలోకి ఆటలన్నీ ఎక్కించి, ప్రాణం కూడా అందులోకి మార్చుకుంటాడు."

మణిసేనుడు పంజరం దగ్గర కూర్చున్నాడు. "చిట్టితల్లీ, నువ్వు అన్ని ఆటల పద్ధతులూ ఒక్క ఊపిరిలో చెప్పాల్సొస్తే నీకేమైనా అవుతుందా?"

"నాకు కాస్త ఆయాసం వస్తుంది" అంది చిలక. "నాకు ఆయాసమొస్తే ఆయనకి చావు భయమొస్తుంది. ముందు ఆగమనేది ఆయనే."

అప్పుడే పొగలు కక్కుతూ ధూమకర్ణుడు వచ్చి చాప మీద చతికిలబడ్డాడు. "ఏరా కుర్రకుంకా, చాప ఎక్కాక ఆట కాకుండా లేచినవాడు ఓడినట్టే. చాప మీద ఇచ్చిన మాట తప్పినా ఓడినట్టే. తెలుసా?"

"తెలుసు స్వామీ" అంటూ మణిసేనుడు చాప ఎక్కాడు. "కానీ ఇంత గొప్ప ఆటలు కట్టినవారు మీరు. ఆడేముందు ఆ గొప్పతనమంతా చెవులారా వినాలని ఉంది. మా ఊరి వాడుక ప్రకారం, ఈ చాప మీద అందరికన్నా చిన్నవాళ్లు ఒక్క ఊపిరిలో చెబితే వింటాను. ఇమిడినవే ఆటలో ఉంటాయి."

పొగడ్త వినగానే మాంత్రికుడి చెవుల్లోంచి పొగ గుప్పుమంది. "ఓస్, అంతేనా? మాటిచ్చాను! చిన్నవాడివి నువ్వేగా, చెప్పు."

సుగంధి పంజరాన్ని తెచ్చి చాప మీద పెట్టింది. "ఈ చిలకకి ఇంకా నెల నిండలేదు" అంది.

మాంత్రికుడి ముఖం పాలిపోయింది. కానీ మాటిచ్చేశాడు. చిలక ఊపిరి పీల్చి మొదలుపెట్టింది. ఎగిరే ఏనుగుల పద్ధతి, ఏనుగు రెక్క విరిగితే పద్ధతి, విరిగిన రెక్క అతికితే పద్ధతి... చిలక కళ్లు తేలేసింది. మాంత్రికుడు ఊపిరాడక తన గొంతు పట్టుకున్నాడు.

"ఆపు! ఆపు! ఈ ఏటి ఆట వద్దు, తీసెయ్!"

చిలక ఆపలేదు.

"నిరుటిదీ తీసెయ్!"

చిలక ఆపలేదు.

"అన్నీ తీసెయ్ తల్లీ! పాతదొక్కటి చాలు!"

"చెప్పి గవ్వలు వెయ్యి, పడ్డదాన్ని ఒప్పుకో, ఎదుటివాడి వంతు వాడికియ్యి" అని ముగించి చిలక హాయిగా గాలి పీల్చుకుంది. పాత ఆట అంతే మరి.

సుగంధి కథ మొదలుపెట్టింది. "నది అవతల ఒక దీపముంది. ముందు తెచ్చినవారిదే గెలుపు. స్వామీ, ఏం చేస్తారు?"

"నదిని ఎండగట్టేస్తాను!" అని మాంత్రికుడు గవ్వలు వేశాడు. అన్నీ బోర్లా పడ్డాయి. ఎన్నో ఏళ్ల అలవాటు, నాలుక ఆగుతుందా? "ఇప్పటినుంచీ బోర్లా పడ్డదే గెలుపు!" అని అరిచాడు.

అరిచాక, చాప మీద ఇచ్చిన మాట తప్పానని నాలుక కరుచుకున్నాడు. అప్పటికే కాళ్లు చెక్కలైపోయాయి, తరవాత చేతులు, తరవాత పొగ కక్కే చెవులు. మిణుగురంత వెలుగొకటి చిలకలోంచి జారి ఆ బొమ్మలోకి దూరింది. చిలక తుర్రుమని ఎగిరిపోయింది.

గదినిండా ఉన్న బొమ్మలు ఒళ్లు విరుచుకుని లేచాయి. పెద్దవాడు లేస్తూనే తమ్ముణ్ణి కావలించుకున్నాడు. నడిపివాడు, "ఎవరి లెక్కతో గెలిచావురా?" అని అడిగాడు.

మణిసేనుడికీ సుగంధికీ మణికూటంలో పెళ్లయింది. పెళ్లిపందిట్లోనే తగువు మొదలైంది. "ఇక ఆటలో ఒక్క మాట కూడా మారకూడదు" అన్నాడు పెద్దవాడు. "ఎగిరే ఏనుగు లేని ఆట నేనాడను" అన్నాడు నడిపివాడు.

సుగంధి నవ్వి అంది. "ఏనుగు బాగుంటుంది బావగారూ. ఒక ఆట అయ్యాక, ఇంకో ఆటకు ముందు, చాప మీదున్న అందరూ సరేనంటే రానిద్దాం. ఆడుతుండగా మాత్రం వద్దు."

"సరే, ఒక్క ఏనుగే కదా" అన్నాడు పెద్దవాడు. రత్నకేతుడు పట్టం చిన్నవాడికి కట్టి, తాను ఆ ఏనుగు వేషం కట్టాడు. మణిసేనుడూ సుగంధీ పిల్లాపాపలతో నిండు నూరేళ్లు రాజ్యమేలారు.

ఇదీ కథ. ఇక దీన్ని మీరు చెప్పాలి. మీ స్నేహితులకు తెలుగు రాకపోతే వాళ్ల భాషలోనే చెప్పండి, పరవాలేదు. ఏనుగుకి ఇంకో రెక్క తగిలించినా ఏమీ అనను. అన్నదమ్ములు తిరిగొచ్చారన్న సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి. వినే పిల్లలు దానికోసమే చూస్తుంటారు.