పుల్లన్న మనిషి మీద హింస కేసు

జీడిపాలెంలో మనుషుల్ని జంతువులే పెంచుకుంటాయి. ఈ సంగతి మనుషులకి తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిస్తే మేత సరిగా వెయ్యరు.

ఊరి చివర, జీడితోటకి ఆనుకుని ఉన్న పాకలో పుల్లన్న అనే ముసలి ఎద్దు ఉండేవాడు. అతను పెంచుకునే మనిషి పేరు పైడయ్య. పైడయ్య మంచి జాతి మనిషి. తెల్లారకుండానే లేచి పేడ ఎత్తుతాడు, గడ్డి కోసుకొస్తాడు, కుడితి కలుపుతాడు, సాయంత్రం పక్కన కూర్చుని గంగడోలు నిమురుతాడు. ఇంత చాకిరీ చేసి ఒక్కనాడూ తన్నలేదు, కుమ్మలేదు. పుల్లన్న కాడి మొయ్యడం మానేసి చాలా కాలమైనా పైడయ్య అతన్ని వదిలి ఎక్కడికీ పారిపోలేదు. వీధిలో పాడి గేదెలకి ఈ విషయంలో చాలా కడుపుమంట. పాలిచ్చే తమకే అంత బుద్ధిమంతుడు దొరకలేదని వాటి బాధ.

ఊళ్లో జంతువులకి ఒక కట్టుబాటు ఉంది. పెంచుకునే మనిషిని మాడ్చకూడదు, కొట్టకూడదు, శక్తికి మించిన బరువు మోయించకూడదు. అలా చేశారని రుజువైతే ఆ మనిషిని తీసేసుకుని, జాలిపడి ముందుకొచ్చిన ఇంకో జంతువుకి అప్పగిస్తారు. మనిషితో పాటు అతని ఇల్లు, పెరడు, పెరట్లో కోళ్లు అన్నీ వెళ్లిపోతాయి. మనిషిని పోగొట్టుకున్న జంతువు కొండదారి పట్టాలి. కొండ మీద చిరుతపులి ఉంది. దానికి కట్టుబాట్లు లేవు.

ఈ కేసులు విచారించే సీనియర్ అధికారి వీర్రాజు గారు. జాతికి మేకపోతు. సీనియర్ అని ఎందుకంటారంటే, ఆయనతో పాటు ఉద్యోగంలో చేరినవాళ్లంతా ఏదో ఒక పెళ్లికో జాతరకో వెళ్లి తిరిగి రాలేదు. గడ్డం ఉంది, మెడలో గంట ఉంది, ఎవరేం చెప్పినా కాసేపు నమిలిగానీ జవాబు చెప్పరు. అధికారికి ఇంతకన్నా ఏం కావాలి? ఒకే ఒక్క బలహీనత, సాక్ష్యాలు చేతికందితే తినేస్తారు.

ఆ కార్తీకంలో పైడయ్య అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో పాకలో పక్కనే ఉండే పుల్లన్నకి తెలుసు. పంటలు బాగుండాలని మొక్కుకున్నాడు. మిగతా జంతువులకి ఆ గొడవ తెలియదు. వాటికి తెలిసిందల్లా కంటికి కనపడిందే. పైడయ్య మెడలో ఏదో పడింది. ఒంటి మీద నల్లబట్ట వచ్చింది. కాలికి చెప్పుల్లేవు. గడ్డం మాసింది. తెల్లవారుజామున చన్నీళ్లు, ఒంటిపూట భోజనం, కటికనేల మీద పడక.

జీడితోటలో కాపురముండే కామేశం అనే నక్కకి మాత్రం దీక్షలంటే బాగా తెలుసు. భజన పందిళ్ల వెనక విస్తళ్లు నాకి పెరిగినవాడు. మాలలో ఉన్నవాడు చీమకి కూడా హాని చెయ్యడనీ, కర్ర ఎత్తడనీ అతనికి తెలుసు. పైడయ్య పెరట్లో బొద్దుగా ఉన్న కోళ్లున్నాయనీ తెలుసు. రెండూ కలిపి చూసుకున్నాడు. కళ్లనిండా నీళ్లు తెచ్చుకుని వీర్రాజు గారి దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, నా గుండె తరుక్కుపోతోందయ్యా."

"దేనికి?"

"ఆ పుల్లన్న, పైడయ్యని పీక్కు తింటున్నాడు."

"ఎద్దు మాంసం తినదే?"

"మాటవరసకన్నానయ్యా. తిండి పెట్టట్లేదు. చలిలో చన్నీళ్లు పోసుకోమంటున్నాడు. మెడకి పలుపుతాడు వేశాడు. ఆఖరికి చెప్పులు కూడా లాక్కున్నాడు. ఇదిగో, గోడ పక్కన దొరికింది." అని ఒక పాతచెప్పు ముందు పెట్టాడు.

వీర్రాజు గారు చెప్పుని అటూ ఇటూ తిప్పి పరిశీలించారు. కొసన కొరికారు. కాసేపటికి సాక్ష్యం లేదు.

"విషయం తీవ్రంగానే ఉంది," అన్నారు మూతి నాకుతూ.

మర్నాడు తెల్లవారుజామునే తనిఖీకి వచ్చారు. వెనక కామేశం, తోక కిందికి దించుకుని, చావు ఇంటికి వచ్చిన చుట్టంలా. వీధికుక్కలు అతని వాసన పట్టి గుర్రుమన్నాయి గానీ, పక్కన అధికారి ఉన్నారు కాబట్టి ఊరుకున్నాయి.

అప్పుడే పైడయ్య నూతి దగ్గర చెంబుతో నెత్తిన చన్నీళ్లు గుమ్మరించుకుంటూ, వణుకుతూ, గట్టిగా శరణాలు చెబుతున్నాడు.

"ఏడుస్తున్నాడు," అన్నారు వీర్రాజు గారు.

"దేవుణ్ణి తలుచుకుంటున్నాడయ్యా," అన్నాడు పుల్లన్న.

"బాధలో ఉన్నవాళ్లు అదే చేస్తారు. మా మేనమామ చివరి రోజున చాలా బాగా తలుచుకున్నాడు."

తర్వాత పైడయ్య చుట్టూ తిరిగి డొక్కలు చూశారు. పైడయ్యకి పుట్టినప్పటినుంచీ డొక్కలు కనపడుతూనే ఉంటాయి. అయినా కామేశం ప్రతి ఎముక దగ్గరా "అయ్యో" అన్నాడు.

"ఏమయ్యా పుల్లన్నా, ఏమిటి నీ సమాధానం?"

"నేనేం చెయ్యలేదయ్యా. అది దీక్ష. తనంతట తనే పట్టాడు."

"తనంతట తనే ఆకలితో ఉండేవాడు లోకంలో ఎవడైనా ఉంటాడా? ఎదురుగా ఆకు కనపడుతుంటే తినకుండా నిగ్రహించుకోవడం సాధ్యమేనా?" అంటూ వీర్రాజు గారు గుమ్మానికి కట్టిన మామిడాకులు తెంపి తినేశారు. సాధ్యం కాదని రుజువైపోయింది.

సాక్షిగా పెరట్లో ఉండే పొడలపెట్ట అనే కోడిని పిలిచారు. కోళ్లగంప కిందినుంచి మెడ మాత్రం బయట పెట్టి చెప్పింది.

"నాకు చట్టాలు తెలియవయ్యా. పైడయ్య ఆ పూసలు వేసుకున్న దగ్గర్నుంచీ ఈ ఇంట్లో కత్తి చప్పుడు వినలేదు. ఇదే హింసయితే ఏడాది పొడుగునా ఉండనివ్వండి."

వీర్రాజు గారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "కత్తి చప్పుడు లేదా? అసలే లేదా?"

"సాన పట్టే రాయి మీద సాలీడు గూడు కట్టింది."

వీర్రాజు గారు ఆ పాకని ఒకసారి కొత్తగా చూసుకున్నారు. అయినా విధి విధే. గొంతు సవరించుకున్నారు. "ఆరోపణ రుజువైంది. ఈ మనిషిని తీసేసుకుంటున్నాం. జాలిపడి ఎవరైనా ముందుకొస్తున్నారా?"

"నేనున్నానయ్యా!" అన్నాడు కామేశం. వెంటనే ఏడుపు ఆపేశాడు. చూపు మాత్రం కోళ్లగంప మీదే ఉంది. నోట్లోంచి నీరు తీగలా సాగి నేల మీద పడింది.

పుల్లన్న ఆలోచన నెమరుతో పాటు నడుస్తుంది. పైకొచ్చిన ముద్దని నమిలి మింగేదాకా ఎవరికీ ఏమీ చెప్పడు. కొండ మీద చిరుతని తలుచుకుని ఒక ముద్ద నమిలాడు. గంగడోలు నిమిరే చేతిని తలుచుకుని ఇంకో ముద్ద నమిలాడు. కామేశం నోటి నుంచి కారిన తీగని చూస్తూ మూడోది నమిలాడు. అప్పుడు తల వంచేశాడు.

"తప్పయిపోయిందయ్యా. అంతా నేనే చేయించాను."

కామేశం గంప వైపు ఒక అడుగు వేశాడు. ఇంత తేలికవుతుందని అతను అనుకోలేదు.

"చన్నీళ్లు, నేల పడక, ఒంటిపూట తిండి, అన్నీ నేనే అలవాటు చేశాను," అన్నాడు పుల్లన్న. "ఇప్పుడు ఒంటికి పట్టేసింది. నా భయమల్లా ఒకటే. కొత్త యజమాని జాలికొద్దీ ఉన్నపళంగా మాన్పించాడనుకోండి, మేత మార్చిన గొడ్డులా పొట్ట ఉబ్బి పోతాడు."

వీర్రాజు గారు తల ఊపారు. మేత మార్పు సంగతి ఆయనకి స్వానుభవం. "నిజమే. అలవాట్లు ఒక్కసారిగా మార్చకూడదు. అదీ హింసే."

"ఇంకొకటయ్యా. ఇతను ఒంటరిగా ఏదీ చెయ్యడు. మంద స్వభావం. పెంచేవాడు పక్కనుండి తనూ చేస్తేనే చేస్తాడు."

"అయితే కామేశం, నువ్వూ చెయ్యాలి."

"చేస్తానయ్యా! పైడయ్య కోసం ప్రాణమైనా ఇస్తాను," అన్నాడు కామేశం గంప వైపు చూస్తూ.

"ఇతను మానేసిన వస్తువుని ఇతని ఎదుట ఎవరైనా తింటే బెంగ పెట్టుకుంటాడయ్యా," అన్నాడు పుల్లన్న మెల్లిగా.

"మనోవ్యధ!" అని గంట మోగేలా తల విదిలించారు వీర్రాజు గారు. "అది మరీ పెద్ద నేరం. కామేశం, ఈ ఇంట్లో నువ్వు మాంసం ముట్టకూడదు."

కామేశం ఒక్క క్షణం తటపటాయించాడు. అందరూ నిద్రపోయాక ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాడు. "ముట్టనయ్యా," అన్నాడు. పుల్లన్న వంగి, ఎప్పుడో పండక్కి పైడయ్య తన మెడలో కట్టిన పూసల దండని జార్చి కామేశం మెడలో వేశాడు. ఎద్దుకి సరిపోయే దండ నక్కకి ముందరికాళ్ల దాకా వేలాడింది.

"తుది తీర్పు వచ్చేదాకా నేను ఇక్కడే ఉండి పర్యవేక్షిస్తాను," అన్నారు వీర్రాజు గారు. కత్తి చప్పుడు లేని ఇల్లు ఆ ఊళ్లో ఇంకోటి లేదు. "పుల్లన్నా, నువ్వు కూడా అప్పటిదాకా కదలకు. అవసరమైతే ప్రశ్నలు వేస్తాను."

ఆ రాత్రే కామేశం గంప దగ్గరికి పాకాడు. గంప మీద వీర్రాజు గారు పడుకుని ఉన్నారు. మేకలకి ఎత్తు మీద పడుకుంటేనే నిద్ర పడుతుంది. గంపకి ఆనుకుని పుల్లన్న పడుకున్నాడు. గంపకి కొండని తలుపుగా పెట్టినట్టే.

"ఏం కామేశం, నిద్ర పట్టట్లేదా?" అన్నారు పైనుంచి వీర్రాజు గారు.

"పైడయ్య మీద బెంగయ్యా."

"మంచిది. పడుకో, తెల్లారితే స్నానం ఉంది."

తెల్లారింది. పైడయ్య నీళ్లు పోసుకున్నాడు. పక్కన కామేశాన్ని కొమ్ములతో నిలబెట్టి వీర్రాజు గారు అదే స్నానం చేయించారు. పూసలు వేసుకుని, వణుకుతూ, తడిసి నిలబడ్డ నక్కని చూసి పైడయ్య రెండు చేతులూ జోడించాడు.

"స్వామీ! ఏ జన్మ పుణ్యమో, నోరులేని జీవి నియమం పట్టింది!"

ఆ మాట వీధిలోకి పోయింది. నక్కని చూడ్డానికి జనం వచ్చారు. కామేశం ముందు అరటిపళ్లు, కొబ్బరిముక్కలు పెట్టారు. వీర్రాజు గారు వాటిని పరిశీలించారు. ఏవీ మిగల్లేదు. చేపల కమలమ్మ బుట్ట దించకుండానే దండం పెట్టింది. బుట్టలోంచి వచ్చిన వాసనకి కామేశం కళ్లనీళ్లు పెట్టుకుంటే, "భక్తి అంటే అదమ్మా, మా ఇంటాయనకి ఉందా?" అని ఆవిడ మొగుణ్ణి నడివీధిలో తిట్టింది.

కొన్నాళ్లకి కామేశం పీచు తీసిన కొబ్బరికాయలా తయారయ్యాడు.

"అయ్యా, నేను ఈ మనిషిని వదిలేస్తాను. నన్ను తోటదాకా దిగబెట్టండి. ఒంటరిగా వెళ్తే కుక్కలు చీల్చేస్తాయి."

"వీధిలోకా?" అన్నారు వీర్రాజు గారు. వీధి చివర మాంసం కొట్టుంది. "నాకు ఇక్కడ చాలా పనుంది. పైగా, తీసుకున్న ప్రాణిని మధ్యలో వదిలెయ్యడం హింస."

అప్పుడు పుల్లన్న లేచి నిలబడ్డాడు. ముద్ద మింగేశాడు.

"అయ్యా, నాదొక ఫిర్యాదు. మన కళ్లెదుటే ఒక ప్రాణిని ఎవరో మాడ్చేస్తున్నారు. ఎముకలు చూడండి. చన్నీళ్లు. మెడకి దండ. నేల పడక."

వీర్రాజు గారు కామేశం చుట్టూ తిరిగారు. పొడలపెట్ట ప్రతి ఎముక దగ్గరా "అయ్యో" అంది.

"ఘోరం! దీన్ని ఎవరు పెంచుతున్నారు?"

"ఎవరూ లేరయ్యా. తన మంచిచెడ్డలు తనే చూసుకుంటున్నాడు."

"అంటే బాధ పెట్టినవాడూ ఇతనే, పడ్డవాడూ ఇతనే!" వీర్రాజు గారికి తన సర్వీసులో ఇలాంటి కేసు తగల్లేదు. చాలాసేపు నమిలారు. "తన ఒంటినే చూసుకోలేనివాడు ఇంకొకడి ఒంటిని ఏం చూస్తాడు? పైడయ్యని పాత యజమానికే ఇచ్చేస్తున్నాను. ఈ నక్క మీద జాలిపడి ముందుకొచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నానయ్యా," అన్నాడు పుల్లన్న.

"నాకొద్దు! నేనెవరికీ వద్దు!" అని అరిచాడు కామేశం.

"బాధలో ఉన్నవాళ్లు అలాగే అంటారు," అన్నారు వీర్రాజు గారు. "పుల్లన్నా, నీ గాడిలో మేతే పెట్టు. ఒంటికి కండ పట్టిన రోజున వదిలేద్దాం."

ఆ పూటనుంచి కామేశం పుల్లన్న పక్కనే, గాడి ముందు నిలబడుతున్నాడు. పొద్దున వరిగడ్డి, సాయంత్రం కుడితి. గడ్డి తిన్న నక్కకి కండ పట్టడం జీడిపాలెంలో ఎవరూ చూడలేదు. వీర్రాజు గారు మాత్రం రోజూ డొక్కలు తడిమి, "ఇంకొంచెం తినాలి" అంటున్నారు. పొడలపెట్ట కామేశం కాళ్ల మధ్య తిరుగుతూ రాలిన గింజలు ఏరుకుంటోంది. పైడయ్య పుల్లన్న గంగడోలు నిమురుతున్నాడు.

"అలా మింగెయ్యకూడదురా అబ్బాయ్," అంటున్నాడు పుల్లన్న ఓపిగ్గా. "ముందు లోపలికి పంపాలి, తర్వాత పైకి తెచ్చుకోవాలి, అప్పుడు నమలాలి. ఏదీ, ఇంకోసారి ప్రయత్నించు."

జాలి పేరు చెప్పి కోళ్లగూడు అడిగినవాడికి, జాలితోనే గడ్డి పెడతారు.