బొంతమ్మ వీపు దిగిన పిల్లలు

అనగనగా ఒక అడవిలో ఒక రాళ్ళగుట్ట. ఆ గుట్ట కింద గుహలో ఒక తల్లి ఎలుగుబంటి ఉండేది. ఒంటినిండా చిందరవందరగా నల్లటి జుట్టు. చూస్తే పాత బొంత కప్పుకున్నట్టు ఉండేది. అందుకే అందరూ ఆమెను బొంతమ్మ అనేవారు.

బొంతమ్మకు ఇప్పపూలన్నా, తునికిపళ్ళన్నా ప్రాణం. అందుకని కూతురికి ఇప్పి అని, కొడుక్కి తునికి అని పేర్లు పెట్టుకుంది. ఎలుగుబంటి పిల్లలు తల్లి వీపు మీదే పెరుగుతాయి కదా! జుట్టు గట్టిగా పట్టుకుని కూర్చుంటే చాలు, అమ్మ ఎటు పోతే అటు సవారీ. పసితనంలో అది బాగానే ఉంటుంది. కానీ పిల్లలు పెద్దవాళ్ళవుతున్నా బొంతమ్మ వాళ్ళను కిందికి దించేది కాదు.

“ముళ్ళు గుచ్చుకుంటాయమ్మా,” అనేది ఒకరోజు.

“రాళ్ళు తగులుతాయి నాన్నా,” అనేది ఇంకోరోజు.

ఏ వంకా దొరకకపోతే, “నేల కాలుతోంది,” అనేది. వాన కురుస్తున్నప్పుడు కూడా ఆ మాటే!

పక్కనే చెట్టు మీద ఈరమ్మ అనే కొండముచ్చు కాపురం ఉండేది. ఆమె ఊరుకుంటుందా? “ఏం బొంతక్కా, ఇంకా మోస్తూనే ఉన్నావా? రేపు పెళ్ళిళ్ళయినా వీళ్ళు నీ వీపు మీదే కాపురం పెడతారు కాబోలు!” అనేది.

“నీకేం తల్లీ, నీ పిల్లలకు బారెడు తోకలున్నాయి. నా పిల్లలకు ఏమున్నాయి?” అని బొంతమ్మ మూతి ముడుచుకునేది.

ఇప్పపూలు రాలే రోజులొచ్చాయి. పిల్లలు బరువెక్కారు. ఒకరోజు పొద్దున్నే బయల్దేరిన బొంతమ్మ, గడ్డి వాలు దగ్గరికి వచ్చేసరికి ఆయాసంతో చతికిలబడింది. ఆ వాలు మీద కొండముచ్చు పిల్లలు కేకలేస్తూ దొర్లుతున్నారు.

“అమ్మా, మేమూ దిగుతామే,” అంది ఇప్పి.

“ఒక్కసారి! ఒకే ఒక్కసారి!” అన్నాడు తునికి.

బొంతమ్మ నడుము పీకుతోంది. కాదనే ఓపిక కూడా లేదు. “సరే, నా పక్కనే ఉండాలి,” అంది.

పిల్లలు దిగారు. అప్పుడే పుట్టిన లేగదూడల్లా కాళ్ళు వణికాయి. తునికి తన కాలు తనే తొక్కుకుని బోర్లా పడ్డాడు. వాళ్ళ ఈడు కొండముచ్చు పిల్లలేమో గెంతుతున్నారు. బొంతమ్మ గుండె చివుక్కుమంది. ‘అయ్యో, నా బిడ్డలకు నడకే సరిగ్గా రాలేదే!’ అనుకుంది.

అంతలో తునికి వాలు అంచుకు పోయాడు. కాలు జారింది. పనసకాయలా దొర్లుకుంటూ అడుగుకు చేరాడు. జుట్టునిండా గడ్డి. లేచి కూర్చుని, నవ్వబోతూ నోరు తెరిచాడు.

“అయ్యయ్యో! నా కొడుకో! ఎంత దెబ్బ తగిలిందో!” అని బొంతమ్మ అడవంతా దద్దరిల్లేలా అరుస్తూ పరిగెత్తింది.

తునికి ఆమె మొహం చూశాడు. నవ్వు ఆగిపోయింది. పెదవి వణికింది. భోరుమన్నాడు. పైన నిలబడి ఉన్న ఇప్పి కూడా అందుకుంది. అది దొర్లనే లేదు!

“ఎక్కడ నొప్పి నాన్నా?” అని అడిగింది బొంతమ్మ.

తునికి మోకాలు చూసుకున్నాడు. మోచెయ్యి చూసుకున్నాడు. ముక్కు తడుముకున్నాడు. “ఎక్కడా లేదు,” అన్నాడు వెక్కుతూ.

“మరెందుకురా ఏడుపు?”

“నువ్వు భయపడ్డావు కదా. నాకేదో అయిపోయిందనుకున్నా.”

ఆ మాట బొంతమ్మ గుండెలో ములుకులా దిగింది. నిజమే, పిల్లవాణ్ణి ఏడిపించింది వాలు కాదు. తన మొహమే. ‘రేపటి నుంచి కళ్ళతో కాపలా కాస్తాను. నా భయం మాత్రం నాలోనే దాచుకుంటాను,’ అని నిశ్చయించుకుంది.

మర్నాడు పిల్లలను ఎండిన వాగు దగ్గరికి తీసుకుపోయింది. వాగుకు అడ్డంగా ఒక మాను పడి ఉంది. బొంతమ్మ ముందు దాని చుట్టూ వాసన చూసింది. పాములేవీ లేవు. కింద మెత్తగా ఎండుటాకులు.

“ఊఁ, ఆడుకోండి,” అని పక్కనున్న చెదపుట్ట దగ్గర కూర్చుంది.

తునికి మాను ఎక్కాడు. రెండడుగులు వేశాడు. దబ్బున ఆకుల్లో పడ్డాడు! బొంతమ్మ ఉలిక్కిపడి లేవబోయింది. తన మొహం కనబడకూడదని గబుక్కున మూతిని పుట్టలో దూర్చేసింది. ముక్కునిండా మట్టి పోయింది.

“హాఛ్!”

“అమ్మకు జలుబు చేసిందోయ్!” అని తునికి ఆకుల్లోంచి పకపకా నవ్వాడు. లేచి, దులుపుకుని, మళ్ళీ ఎక్కాడు. సాయంత్రానికి అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ మాను మీద అటూ ఇటూ పరుగులు తీశారు. బొంతమ్మ మాత్రం తుమ్ముతూనే ఉంది.

ఇంకోరోజు ఇప్పి మద్దిచెట్టు ఎక్కింది. మొదటి కొమ్మదాకా చకచకా పోయింది. అక్కడ కిందికి చూసింది. అంతే, బిగుసుకుపోయింది.

“అమ్మా! కళ్ళు తిరుగుతున్నాయే! వచ్చి దించవే!”

బొంతమ్మ గోళ్ళు అప్పటికే బెరడులో దిగాయి. ఒక్క ఊపులో పోయి దించేయగలదు. కానీ ఆగింది.

“కిందికి చూడకు తల్లీ, చెట్టును చూడు. గట్టిగా కావిలించుకో. ఇప్పుడు వెనకకాలు మెల్లగా కిందికి జార్చు,” అంది.

“పడిపోతే?”

“నేను పట్టుకుంటాను. ఎక్కడికీ పోను. దిగడం మాత్రం నువ్వే దిగాలి.”

ఒక కాలు. ఇంకో కాలు. కొంచెం ఏడుపు. మళ్ళీ ఒక కాలు. చివరికి ఇప్పి నేల మీద నిలబడి, తన కాళ్ళనే వింతగా చూసుకుంది. “అమ్మా, నేనే దిగాను!”

“చూశానమ్మా.”

“మళ్ళీ ఎక్కనా?”

బొంతమ్మ చెట్టుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. “ఎక్కు,” అంది.

అలా అలా పిల్లల పాదాలు గట్టిపడ్డాయి. గోళ్ళకు పట్టు వచ్చింది.

ఒక మధ్యాహ్నం బొంతమ్మ ఆ మద్దిచెట్టు దగ్గర చెదపుట్ట తవ్వుతోంది. తలంతా లోపలే ఉంది. అప్పుడు పొదల్లోంచి రేచుకుక్కల మంద వచ్చింది. ఆకలితో ఉన్న అడవికుక్కలు! చప్పుడు చెయ్యకుండా పిల్లల వైపు రాసాగాయి.

“తునికీ, చెట్టు!” అని అరిచింది ఇప్పి.

అంతే. ఇద్దరూ పరుగందుకున్నారు. కుక్కలు తరుముకొచ్చేసరికి మద్దిచెట్టు పైకొమ్మ మీద ఉన్నారు. ముందున్న కుక్క ఎగిరింది. గాలి తప్ప ఏమీ అందలేదు.

బొంతమ్మ తల బయటికి తీసింది. పిల్లలు పైన భద్రంగా ఉన్నారు. ఆమె వీపు మీద బరువు లేదు, గుండెలో బెంగ లేదు. వెనకకాళ్ళ మీద నిటారుగా లేచి, పెద్దగా గర్జించింది. పంజా ఒక్కటి విసిరింది. కుక్కలు తోకలు ముడిచి, వచ్చిన దారినే పారిపోయాయి.

“దిగండమ్మా, పోయాయి!” అని పిలిచింది.

పిల్లలు దిగలేదు. పైన ఏవో గుసగుసలు.

“ఏమైందర్రా?”

“అమ్మా, ఇక్కడ జుంటితేనె పట్టు ఉంది! సన్నకొమ్మ చివర!” అని కేకేశాడు తునికి.

బొంతమ్మ ఆశగా పైకి చూసింది. ఆ కొమ్మ ఆమె బరువుకు పుటుక్కున విరిగిపోతుంది. పుట్టి బుద్ధెరిగాక అలాంటి చోట తేనె ఆమెకు ఎన్నడూ అందలేదు.

ఇప్పి కొమ్మను కావిలించుకుని మెల్లగా పాకింది. గర్జన విని వచ్చిన ఈరమ్మ పక్కచెట్టు మీంచి నోటి మీద చెయ్యి వేసుకుని చూస్తోంది. బొంతమ్మ మాత్రం కొమ్మకు సరిగ్గా కింద నిలబడి, చేతులు చాచి, చిరునవ్వుతో చూసింది. ఈసారి మొహం దాచుకోవలసిన పని లేదు.

“అమ్మా, నోరు తెరువు!” అంది ఇప్పి, పట్టును గోటితో చీలుస్తూ.

బొంతమ్మ నోరు తెరిచింది. తేనె బొట్టు బొట్టుగా నాలుక మీద పడింది. అన్నాళ్ళూ పిల్లలకు తినిపించిన తల్లి, మొదటిసారి పిల్లలు పెట్టింది తింది. అంత తియ్యటి తేనె ఆ అడవిలో మరెవరూ తిని ఉండరు.

నీతి: బిడ్డ పడకుండా ఎల్లకాలం మోయడం కాదు, పడినా లేవగలనన్న ధైర్యం ఇచ్చి దగ్గర నిలబడడమే పెంపకం.