తుడిచాక మిగిలింది

ఆ రోజు తలుచుకుంటే ఓబులేసుకి ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. పెన్న ఒడ్డున చెంగల్రాయ స్వామి ఆశ్రమంలో వంట చేస్తూ, స్వామి చెప్పిన ప్రతి మాటా కంఠతా పట్టి, శాంతం తనకి ఒంటబట్టేసిందని మురిసిపోతున్న రోజులవి.

ఒక మధ్యాహ్నం ఎవరో యాత్రికుడు చారులో ఉప్పు తక్కువైందని వెటకారంగా నవ్వాడు. అంతే, ఓబులేసు గరిటె విసిరికొట్టి, విస్తరి ముందు కూర్చున్న మనిషిని లేపి బయటికి గెంటేశాడు. పాపం, ఆ మనిషి ఆకలితోనే ఊరి సత్రానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి ఓబులేసు మూట కట్టుకుని స్వామి ముందు నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళు విన్నా నాలో ఏదీ నిలవలేదు స్వామీ. నేను పోతాను."

"పోదువుగానిలే. కొత్త ఇనప పెనానికి దోసెలు అతుక్కుపోతున్నాయి. దాన్ని కాస్త దారిలో పెట్టి పో."

అదెంత పని అనుకున్నాడు ఓబులేసు. పెనం మీద నూనె ధారాళంగా పోసి మంట ఎగదోశాడు. నూనె నల్లగా, జిగటగా గడ్డకట్టింది. దోసె వేస్తే ఆ పొర పెచ్చులు పెచ్చులుగా ఊడి దోసెతోపాటే వచ్చేసింది. రోషంతో ఇంకాస్త నూనె పోయబోయాడు.

స్వామి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నారు. పెనాన్ని ఇటుకపొడితో మెరిసేదాకా తోమి, పొయ్యి మీద తడి ఆరబెట్టి, నాలుగు చుక్కల నూనె రాశారు. రాసిందంతా పొడిగుడ్డతో తుడిచేశారు.

"అంతా తుడిచేశారేంటి స్వామీ? ఇంకేం మిగిలింది?"

"గుడ్డకి రానిది."

పెనాన్ని పొగ వచ్చేదాకా కాల్చారు. చల్లారాక మళ్ళీ రాసి, మళ్ళీ తుడిచి, మళ్ళీ కాల్చారు. కంటికి ఆనని ఆ నూనె కాలి కాలి ఇనుమును పట్టేసి, సన్నటి నల్లపొర అయింది. ఓబులేసు గోటితో గీకి చూశాడు, రాలేదు.

"ఇంకా ఎన్నిసార్లు స్వామీ?"

"ప్రయాణం ఉందన్నావుగా. తొందరైతే వెళ్ళు."

ఓబులేసు మూట పక్కన పెట్టి, స్వామి చేతిలోంచి గుడ్డ అందుకున్నాడు.

తెల్లారి మొదటి దోసె అంచులు వాటంతటవే లేచాయి. దాన్ని ఆకులో పెట్టుకుని సత్రానికి నడిచాడు. యాత్రికుడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఇందులోనూ ఉప్పు తక్కువే" అన్నాడు.

ఓబులేసుకి ఒళ్ళు మండింది. భుజం మీది గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఉండండి, తెస్తాను" అన్నాడు.

స్వామి పోయి చాలా ఏళ్ళయింది. ఆశ్రమంలో గ్యాసు పొయ్యిలొచ్చాయి, కొత్త గిన్నెలొచ్చాయి. ఆ పెనాన్ని మాత్రం ఓబులేసు ఎవరినీ తోమనివ్వడు. దాని అడుగు పొర స్వామి చేతిది.